ట్యాంకు మూత మీద ముడి

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పెద్దా చిన్నా అందరికీ ఆయన తాళం బాబాయే. మొలతాడుకు కట్టుకున్న ఇత్తడి తాళంచెవి ఆయన నడుస్తుంటే చిన్నగా చప్పుడు చేసేది. ఆ చప్పుడు వినబడగానే నీళ్ళ వరసలో కబుర్లు ఆగిపోయేవి, బిందెలు సర్దుకునేవి. "నా మెళ్ళో తాళి కన్నా నీ మొల్లో తాళంచెవి మీదే నీకు భక్తి ఎక్కువ" అని భార్య దెప్పేది. ఆయన దాన్ని కూడా పొగడ్త కిందే జమకట్టుకునేవాడు.

అది చుట్టూ సముద్రం ఉన్న చిన్న దీవి. కళ్ళ ముందు కావలసినన్ని నీళ్ళు, గుక్కెడు తాగడానికి లేవు. వానాకాలంలో పాత గిడ్డంగి రేకుల మీద పడిన నీళ్ళు గొట్టంలోంచి జారి, వెనకనున్న సిమెంటు ట్యాంకులో చేరతాయి. మళ్ళీ వానలు పడేదాకా వీధి వీధంతటికీ అవే దిక్కు. ఇంటికి రోజుకు రెండు బిందెలు. తాగినా, వండినా, ఒంటి మీద పోసుకున్నా ఆ రెంటిలోనే. కాదంటే కొండ అవతల ఒక ఊట ఉంది. రాళ్ళదారిన ఎక్కి దిగి బిందెతో ఇంటికి చేరేసరికి సగం పూట అక్కడే అయిపోతుంది.

అంతకుముందు తాళంచెవి పట్టుకున్నాయన తన వియ్యాలవారికి ఒక లెక్క, మిగతావాళ్ళకు ఒక లెక్క చేసి, వీధిలో జుట్లు పట్టుకునేదాకా తెచ్చాడు. అప్పుడు అందరికన్నా పెద్దావిడ, వీధంతా పెద్దమ్మ అని పిలుచుకునే ఆవిడ, తాళంచెవి తీసుకొచ్చి ఈయన చేతిలో పెట్టింది. "సొంత పెళ్ళానికే చెంబెడు ఎక్కువ ఇవ్వని మనిషి. ఇంకొకళ్ళకు ఇస్తాడా?" అంది. నిజమే, ఇవ్వలేదు. అందరూ పట్టుకుని వెళ్ళిపోయాకే, ఆఖరున తన ఇంటి రెండు బిందెలూ పట్టుకునేవాడు. వరసలో నిలబడాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

కడుపు నింపే పని మాత్రం రేవులో. పడవ రాగానే తాడు అందుకుని గుంజకు కట్టడం, బయల్దేరేటప్పుడు విప్పడం. ఆయన వేసే ముడి ఒకటుంది. రెండు మెలికలు తిప్పి, కొసను లోపలికి దూర్చి, అసలు కొస ఎక్కడుందో కనబడకుండా దాచేస్తాడు. ఎంత గాలికీ జారదు. ఎలా వేస్తావని రేవులో తోటివాళ్ళు అడిగితే, "చేతిలో ఉండాలి" అని నవ్వేవాడు తప్ప చెప్పేవాడు కాదు. ట్యాంకు కుళాయికి తాళం ఉంది గానీ పైమూతకు లేదు. దాని మీద గుడ్డ కప్పి, తాడు చుట్టి, ఆ ముడే వేసేవాడు. పిల్లి కాదు కదా, ఎండుటాకు కూడా లోపలికి పోకూడదు.

మంచి కాపలాదారే, కాదనడానికి వీల్లేదు. కాకపోతే నీళ్ళు దాచడం తెలిసినవాడికి పొగరు దాచుకోవడం తెలియాలని ఎక్కడుంది? బిందె నిండగానే "జరగండి, వెనకాల వాళ్ళున్నారు" అనేవాడు. అవతల ఉన్నది ముసలివాళ్ళా, జ్వరంతో లేచి వచ్చినవాళ్ళా అని చూసేవాడు కాదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో దర్జీ ఇంటి కోడలు వరసలో చివరిదాకా నిలబడి, అందరూ వెళ్ళాక నోరు తెరిచింది. ఇంట్లో మిషను కుట్టేది ఆ పిల్లే కాబట్టి వీధికి ఆమె మిషను కోడలు. తొలిచూలు బిడ్డకు ఇంకా మెడ నిలవలేదు.

"బాబాయ్, ఒక్క బిందె ఎక్కువ ఇప్పించవా? పిల్లాడి గుడ్డలు ఉప్పునీళ్ళలో ఉతుకుతుంటే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తున్నాయి."

"ఇంటికి రెండే తల్లీ."

"వానలు వచ్చేదాకానే బాబాయ్."

"ఇవాళ నీకిస్తే రేపు ఇంకొకళ్ళకి ఇవ్వాలి. జరుగు, వెనకాల వాళ్ళున్నారు."

వెనకాల ఎవరూ లేరు. ఆ అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి చూసి, బిందె చంకకెత్తుకుని వెళ్ళిపోయింది. ఈ సంగతి విని భార్య కడిగిపారేసింది. "పసిగుడ్డయ్యా! కాదనడానికి నీకు నోరెట్లా వచ్చింది?" అంది. "అంత జాలుంటే నీ వాటాలోంచి ఇచ్చుకో" అన్నాడు బాబాయి. ఆవిడ ఆ రోజు నుంచి రోజూ ఒక చెంబు తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు, అదే గొప్ప దయ అన్నట్టు.

ఆ రోజుల్లోనే వీధి చివర మేడ మీది గదుల్లో దిగారు కొందరు కుర్రకారు. వీపులకు తమకన్నా పెద్ద సంచులు తగిలించుకుని దీవి నుంచి దీవికి తిరిగే రకం. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి నవ్వుతూ తుళ్ళుతూ ఉండేవాళ్ళు గానీ ఒకళ్ళ జోలికి పోయేవాళ్ళు కాదు. వాళ్ళందరికీ పెద్దరికం చేసేది ఒక కళ్ళజోడు పిల్ల. ఆ అమ్మాయి ఒక పొద్దున నీళ్ళ వరస అయిపోయాక ట్యాంకు దగ్గరికి వచ్చింది.

"బాబాయ్ గారూ, రేపు హోళీ కదా. ఇక్కడ ఎలా చేసుకుంటారు?"

"చేసుకునేదేముంది? నుదుటికింత రంగు పొడి రాసుకుంటాం. నడి ఎండల్లో వచ్చే పండగ, చల్లుకోవడానికి నీళ్ళెక్కడివమ్మా?"

"మేం సముద్రం నీళ్ళతోనే ఆడుకుంటాం లెండి. మీ నీళ్ళ సంగతి మాకు తెలుసు. కాకపోతే పెద్దవాళ్ళెవరైనా మొదలుపెడితేనే పండగలా ఉంటుంది. ఇంటిదగ్గరైతే మా తాతయ్య మొదలుపెట్టేవారు. మీరు వచ్చి మొదటి రంగు చల్లండి బాబాయ్ గారూ. మీకన్నా పెద్దదిక్కు మాకిక్కడ ఎవరున్నారు?"

ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. నిజంగానే పిలిచింది. కానీ బాబాయి సంగతి వేరు. జీవితమంతా ఆయన్ని చూసి జనం బిందెలు సర్దుకున్నారే తప్ప, రమ్మని పిలిచినవాళ్ళు లేరు. ఒక్క మాటతో మునగచెట్టు ఎక్కేశాడు. ఎక్కినవాడు కొమ్మ చూసుకోవాలా వద్దా?

"ఉప్పునీళ్ళు కళ్ళల్లో పడితే మంటమ్మా. పండగ పూట ఏడుస్తూ కూర్చుంటారా? రెండు బకెట్ల మంచినీళ్ళు నేనిస్తాలే" అన్నాడు.

"వద్దు బాబాయ్ గారూ, వీధిలో వాళ్ళు..."

"ట్యాంకు నా చేతిలో ఉండగా వీధిలో వాళ్ళేమిటి?"

మిషను కోడలికి లేని నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో మరి. అది ఆయనకు ఆ క్షణాన తోచనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం వీధిలో మగవాళ్ళు పనుల్లో, పిల్లలు బడిలో, ఆడవాళ్ళు ఇళ్ళల్లో కునుకులో ఉన్న వేళ గిడ్డంగి వెనక పండుగ మొదలైంది. భార్య చెల్లెలింటికి వెళ్ళింది. బాబాయి తెల్లచొక్కా వేసుకుని మరీ వచ్చాడు. కళ్ళజోడు పిల్ల వంగి పాదాలకు రంగు రాసింది. ఆయన ఆమె నుదుటికి పసుపురంగు అద్దాడు. అంతే, ఆ తర్వాత ఎవరు ఎవరో తెలియకుండా పోయింది. ఒకడు ఆయన బట్టతల మీద ఆకుపచ్చ పొడి రుద్దాడు. ఇంకొకడు చేతులు పట్టుకుని గిరగిరా తిప్పాడు. పెళ్ళినాడు కూడా అంత నవ్వి ఉండడు మహానుభావుడు.

రెండు బకెట్లూ చూస్తుండగానే అయిపోయాయి. "ఇంకొక్కటి బాబాయ్!" అన్నారెవరో. కుళాయి ధార సన్నం. బకెట్ నిండేదాకా ఆగే ఓపిక అక్కడ ఎవరికీ లేదు, ఆయనకు అంతకన్నా లేదు. నిచ్చెన వేసుకుని ట్యాంకు పైకెక్కి, ముడి విప్పి, మూత తీసి, బకెట్ ముంచి అందించాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ. కిందనుంచి "బాబాయ్! బాబాయ్!" అని చప్పట్లు కొడుతుంటే అక్కడ నిలబడి రాజ్యాభిషేకం చేయించుకుంటున్నవాడిలా చూశాడు. కళ్ళజోడు పిల్ల నిచ్చెన సగం ఎక్కి, గులాబీ రంగు పోసిన పళ్ళెం అందించి, "పైనుంచి చల్లండి బాబాయ్ గారూ!" అంది.

ఆయన పళ్ళెం రెండు చేతులతో తలపైకెత్తాడు. తడిచేతులు. పళ్ళెం జారింది. అంచు భుజానికి తగిలి ఒరిగి, ఉన్న పొడి ఉన్నట్టు తెరిచిన మూతలోంచి ట్యాంకులో పడింది.

కింద పాట ఆగలేదు, ఎవరికీ కనబడలేదు. ఆయనకు కనబడింది. నీళ్ళమీద ఒక్క క్షణం మందంగా తేలి, తర్వాత నాలుగువైపులా పాకుతూ కిందికి దిగిపోతున్న గులాబీరంగు. నిచ్చెన మీద ఉన్న పిల్లకూ కనబడింది. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడైనా కేకేసి చెప్పవచ్చు. దిగి పెద్దమ్మ ఇంటికి పరిగెత్తవచ్చు. ఆయన మూత వేశాడు. గుడ్డ కప్పాడు. తాడు చుట్టి, రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దాచి ముడేశాడు. కిందికి దిగి అందరికన్నా గట్టిగా గెంతాడు. గులాబీ రంగు కొంచెమే కదా, అంత పెద్ద ట్యాంకులో ఏం తెలుస్తుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట ఆయనే నమ్మలేదు.

సాయంత్రం ఇంటికొచ్చిన భార్య వాలకం చూసి, "ఈ వయసులో పెళ్ళికొడుకు వేషమేమిటయ్యా?" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. సముద్రంలో ఎంతసేపు రుద్దుకున్నా గోళ్ళ సందుల్లో రంగు పోలేదు.

పొద్దున వరసలో మొదటి బిందె పెద్దమ్మది. కుళాయి తిప్పగానే ధార గులాబీరంగులో పడింది.  ఒక్కసారిగా అందరూ అందుకున్నారు.

"నిన్న ఆడింది ఆ సంచులవాళ్ళేగా! వాళ్ళ పనే!"

"తినడానికొచ్చి తిన్న కంచంలోనే..."

"పిలవండి వాళ్ళని!"

బాబాయి తేలు కుట్టిన దొంగలా కుళాయి పక్కన నిలబడ్డాడు. ఎవరైనా తనవైపు చూస్తున్నారేమోనని రెండుసార్లు తల ఎత్తి, రెండుసార్లూ దించుకున్నాడు. చేతులు లుంగీ మడతల్లో దాచుకున్నాడు. నోరు తెరిస్తే చాలు, మాట సిద్ధంగా ఉంది. తెరుచుకోలేదు.

ఈలోగా కళ్ళజోడు పిల్లే వచ్చింది, వెనక మిగతావాళ్ళు. జనం ముందు నిలబడి చేతులు జోడించింది. "తప్పయిపోయింది. మా ఆటలో పళ్ళెం జారి పడిపోయింది. మేమే ఇవాళంతా ఊట నుంచి మీకు తాగేనీళ్ళు మోసుకొస్తాం" అంది. ఒక్కసారి ఆయన వైపు చూసింది. ఆయన కుళాయి వైపు చూశాడు.

విచిత్రంగా అప్పటిదాకా అరిచినవాళ్ళంతా సద్దుమణిగారు. ఆమెను ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు, అంతే. ఆ పిల్ల వినయం చూసి మెత్తబడ్డారనుకున్నాడు బాబాయి. బతికిపోయానని కూడా అనుకున్నాడు. ఆ అనుకోవడమే తర్వాత ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువ తినేసింది.

ఆసుపత్రి నర్సు వచ్చి, ఆ నీళ్ళు ఉతుక్కోవడానికే తప్ప తాగడానికి పనికిరావని చెప్పి వెళ్ళింది. ఆ రోజంతా కుర్రకారు కొండ ఎక్కి దిగుతూనే ఉన్నారు. మర్నాడు వాళ్ళ పడవ.

రేవులో తాడు పట్టుకుని నిలబడింది బాబాయే. ఆయన పనే అది, తప్పించుకోవడానికి లేదు. ఒక్కొక్కరే సంచులతో ఎక్కుతున్నారు. బిందెలు మోసి మోసి ఒకడి భుజం ఒరుసుకుపోయి, సంచి రెండో భుజానికే వేలాడేసుకున్నాడు. అందరికన్నా ఆఖరున కళ్ళజోడు పిల్ల వచ్చి ఆగింది.

"వెళ్ళొస్తాం బాబాయ్ గారూ."

"అమ్మాయ్..." అన్నాడు. "నువ్వు చూశావుగా. మరెందుకమ్మా నీ మీద వేసుకున్నావు?"

"మేం వెళ్ళిపోయేవాళ్ళం కదండీ. మీరు ఇక్కడ ఉండాల్సినవాళ్ళు" అంది. దెప్పిపొడుపు లేదు, ఎత్తిపొడుపు లేదు. పెద్దాయన బరువు కాస్త అందుకున్నానని సంతోషం కూడా ఉంది ఆ మొహంలో. చెంపమీద కొట్టినా ఆయనకు అంత సిగ్గు వేసేది కాదు.

ముడి విప్పడానికి వంగాడు. ఎప్పుడూ వేలు తగిలితే ఊడే ముడి ఆ రోజు చాలాసేపు ఊడలేదు. పడవ నడిపే అతను విసుక్కున్నాడు కూడా.

ఇంటికి వస్తుంటే వీధి మొత్తం దండేల మీద ఆరేసి ఉంది. ట్యాంకు నీళ్ళు ఉతకడానికే అనేసరికి అందరూ ఉతికేశారు. బడిపిల్లల చొక్కాలు, దుప్పట్లు, పెద్దమ్మ తెల్లచీర, అన్నీ లేత గులాబీ. మిషను కోడలింటి ముందు చిన్న చిన్న చతురస్రాల గుడ్డలు వరసగా ఊగుతున్నాయి. అవీ గులాబీయే. ఏ ఇంటిముందు నుంచి పోయినా తన పనే ఎదురొచ్చింది. తల ఎత్తి నడవలేక, నేల చూసుకుంటూ నేరుగా పెద్దమ్మ గుమ్మం దగ్గరికి పోయి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి గడప మీద పెట్టాడు.

"పెద్దమ్మా, రంగు పోసింది ఆ పిల్లలు కాదు. నేను."

పెద్దమ్మ చేస్తున్న పని ఆపలేదు. "తెలుసులే" అంది.

"తెలుసా? ఎవరు చెప్పారు?"

"నీ ముడే చెప్పింది. రంగు పడ్డాక మూత మూసినవాడికి సంగతి తెలిసే ఉండాలిగా? నిన్న పొద్దున వరసలో తలెత్తి చూస్తే పైన నీ ముడి. తాడు నిండా గులాబీ వేళ్ళ గుర్తులు. ఆ ముడి ఈ దీవిలో ఇంకెవడికొచ్చు? నువ్వు ఎవరికైనా నేర్పావా?"

ఆయన గోళ్ళ సందుల్లో మిగిలిన రంగుకేసి చూసుకున్నాడు.

"మొదట్లో అరిచినవాళ్ళు చూడక అరిచారు. ఒకళ్ళు చూసి పక్కవాళ్ళని గిల్లారు, వాళ్ళు ఇంకొకళ్ళని. ఆ పిల్ల వచ్చి చేతులు జోడించేసరికి అందరికీ తెలిసిపోయింది. అందుకే ఎవరూ అనలా. నువ్వు నోరు తెరుస్తావేమోనని చూశాం."

"పెద్దమ్మా..."

"నీళ్ళు పోతే పోయాయి, వానలొస్తాయి. కంచే చేను మేసిందని కూడా అనను. చెయ్యి జారింది, ఎవరికైనా జారుతుంది. కానీ ఊరుగాని ఊరు వచ్చిన ఆడపిల్ల నీ తప్పు నెత్తినేసుకుని కొండెక్కి నీళ్ళు మోస్తుంటే, నువ్వు చూస్తూ నిలబడ్డావు చూడు..." అని ఆగి, ఆవిడ తాళంచెవి తీసుకుని కొంగున కట్టుకుంది. ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేదని ఆయనకు అనిపించింది.

మర్నాడు పొద్దున భార్య ముందు బిందెలు పెట్టాడు. "కాస్త నువ్వు వెళ్ళి పట్టుకురావే. నాకు మొహం చెల్లడం లేదు."

ఆవిడ ఆయన మొహం కాసేపు చూసింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ రోజు ఒక్క దెప్పు మాట కూడా అనలేదు. "మొహం నీదేగా. తీసుకునే వెళ్ళు" అని మాత్రం అంది.

తాగేవి ఊట నుంచి తెచ్చుకుంటున్నా, మిగతా వాడకానికి ట్యాంకు దగ్గర వరస మామూలే. వెళ్ళి అందులో నిలబడ్డాడు. ఎక్కడ నిలబడాలో, బిందె ఏ చేత్తో పట్టుకోవాలో కూడా ఆయనకు తెలియలేదు. ముందున్నవాళ్ళు మాటలు ఆపలేదు. ఇప్పుడు ఆయన మొల్లో తాళంచెవి చప్పుడు లేదుగా. కుళాయి దగ్గర, పెద్దమ్మ అప్పగించిన తాళంచెవి పట్టుకుని ఉన్నది మిషను కోడలు. భుజం మీద గులాబీ గుడ్డలో చుట్టిన పిల్లాడు నిద్రపోతున్నాడు. మెడ మీద దద్దుర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఆయన వంతు వచ్చింది. మొదటి బిందె అంచు దాకా నింపింది. రెండోదీ అంచు దాకా నింపింది. ఒక్క చుక్క తక్కువ చేసినా, ఒక్క మాట పుల్లగా అన్నా, తలొంచుకుని పడదామని సిద్ధపడి వచ్చాడు. ఆమె ఏమీ అనలేదు.

"అమ్మా," అన్నాడు, రెండో బిందె ఆమె వైపు జరిపి. "ఇది నువ్వు తీసుకో. పిల్లాడి గుడ్డలకి. మాకు ఒకటి చాలు."

ఆమె పిల్లాడిని రెండో భుజానికి మార్చుకుంది. గొంతులో కోపం లేదు, వెక్కిరింత లేదు. రోజూ అందరితో అనే మాటలాగే అంది.

"ఇంటికి రెండే బాబాయ్. జరుగు, వెనకాల వాళ్ళున్నారు."

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. నిజంగానే ఉన్నారు. బిందెలు పట్టుకుని, ఆయన జరగడం కోసం చూస్తున్నారు.